శుక్రవారం నిమ్మకాయ

నేను ఒక నల్లటి బ్యాటరీ కేబుల్ని. మూరెడు కన్నా కాస్త పొడుగు, బొటనవేలంత లావు. ఒక చివర బ్యాటరీని పట్టుకుని, రెండో చివర బండి ఇనుప చట్రానికి బిగిసి, పద్దెనిమిదేళ్ళు ఒకే పికప్ బండిలో బతికాను. నా పక్కన ఉండే ఎర్ర కేబుల్‌కి కాస్త టెక్కు ఎక్కువ. కరెంటును లోకం మీదికి పంపేది తానేనని దాని ధీమా. వెళ్ళిన కరెంటు మళ్ళీ ఇల్లు చేరొద్దూ? ఆ బండిలో వెలిగిన ప్రతి దీపమూ, మోగిన ప్రతి హారనూ చివరికి నా గుండానే తిరిగొచ్చేవి. అందుకే బండిలో ఏ మూల ఏం జరిగినా నాకు తెలిసిపోయేది.

నేను పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో, ఒక రేకుల షెడ్డులో. వెంట్రుకంత సన్నటి రాగి తీగలను పేని, రబ్బరు తొడుగు వేసి, చివరికొక సీసపు పట్టీ పెట్టిన ముసలాయన నన్ను అరచేతిలో ఊపి చూసి, "బండి పోయినా ఇది పోదు" అన్నాడు. కొత్త వస్తువు చేతిలో పడగానే మనుషులు ఇలాంటి మాటలు ఊరికే అనేస్తుంటారు. నేనది నమ్మాను కూడా.

మొదట మమ్మల్ని కొన్నది గుడివాడలో బ్యాండు మేళం నడిపే ఆయన. పెళ్ళి ఊరేగింపుల్లో రంగుల బల్బులు నా గుండా పారుతుంటే మత్తుగా ఉండేది. ఎవరి పెళ్ళో తెలియదు, పెళ్ళికూతురు ముఖం చూసిందీ లేదు. అయినా ఆ ఎరుపూ పచ్చా నీలం ఇప్పటికీ నా కలల్లోకి వస్తాయి. తర్వాత మేళానికి గిరాకీ తగ్గింది. బండి కొల్లేరు గట్టున చేపపిల్లలు పెంచే ఘంటయ్య ఇంటికి వచ్చింది.

ఘంటయ్య బండి వెనక నీళ్ళ ట్యాంకు కట్టించాడు. దాన్నిండా వేలుగోరంత చేపపిల్లలు. నీళ్ళలోకి గాలి పంపే చిన్న మోటారొకటి బ్యాటరీ మీద నడిచేది. అది ఆగితే పిల్లలకు ఊపిరి ఆడదు. ఆ బుడగల కరెంటు నా గుండా వస్తుంటే నేనూ నీళ్ళలోనే ఉన్నట్టు, వేల తోకలు నన్ను రాసుకుని పోతున్నట్టు ఉండేది. అన్ని పనుల్లోకీ నాకు అదే ఇష్టం.

ఘంటయ్య భక్తిపరుడు. అందరూ దసరాకు బండికి పూజ చేస్తే, ఆయన ప్రతి శుక్రవారం చేసేవాడు. బండికి ప్రాణం బ్యాటరీలో ఉంటుందని ఎవరో చెప్పారట. బానెట్ ఎత్తి, బ్యాటరీకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి రెండు చెక్కలూ మా తలల మీదే పిండేవాడు. ఆ పులుపు మొదట చల్లగా ఉండేది. తర్వాత దురద పెట్టేది. క్రమంగా సీసపు పట్టీ చుట్టూ తెల్లగా, పచ్చగా పొడి లేచింది. ఆయన దాన్ని చూసి తుడవలేదు సరికదా, మరి కాస్త పసుపు అద్ది దండం పెట్టాడు. పులుపు తొడుగు కిందికి పాకి నా రాగిని లోలోపల తినేస్తుంటే, నేనేం చెప్పగలను?

పోయిన ఏడు నడిరోడ్డు మీద గాలి మోటారు ఆగిపోయి ఒక లోడు మొత్తం చచ్చిపోయింది. అవి ఘంటయ్య భార్య తిరుపతమ్మ తన చేత్తో మేత వేసి పెంచిన పిల్లలు. చెరువు గట్టున గుంట తీసి తనే పూడ్చిపెట్టింది. ఆర్నెల్లు చేప ముట్టలేదు. దిష్టి తగిలిందనుకున్న ఘంటయ్య అప్పటి నుంచి రెండు నిమ్మకాయలు పిండడం మొదలుపెట్టాడు.

ఈ ఏడు ఆవిడ మళ్ళీ పెంచింది. "ఈసారి పోతే ఇక నేను చెరువులో దిగను, నువ్వూ అడక్కు" అని ముందే చెప్పింది. లోడు అమ్మకానికి తోలే రోజు పిల్లలతో పాటు తనే బండెక్కి ట్యాంకు పక్కన కూర్చుంది.

మండవల్లి దగ్గర రైలు గేటు పడింది. ఘంటయ్య ఇంజను ఆపాడు. రైలు పోయింది, గేటు లేచింది. తాళం తిప్పితే టిక్కుమని ఒక్క చప్పుడు, అంతే. గాలి మోటారు కూడా మూలిగి ఆగిపోయింది. నాలో సగం తీగలు ఎప్పుడో పొడైపోయాయి. మిగిలిన సగంతో ఎంత గింజుకున్నా కరెంటు నిలవలేదు. నా బతుకులో అంత సిగ్గుపడింది ఆ రోజే.

"పిల్లలు పైకొచ్చి నోళ్ళు తెరుత్తున్నాయయ్యా" అంది తిరుపతమ్మ. చీర కుచ్చిళ్ళు దోపి, చెంబుతో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి ట్యాంకులోకి పోయసాగింది. అలా పోస్తే నీళ్ళతో పాటు కాస్త గాలీ కలుస్తుంది. ఘంటయ్య మరో ముగ్గురితో బండిని పక్కకు నెట్టగలిగాడు గానీ, ఆ బరువుతో తోసి స్టార్ట్ చేయడం వాళ్ళ వల్ల కాలేదు. గేటు పక్క షెడ్డులోంచి కరీముల్లా అనే ఎలక్ట్రీషియన్ వచ్చి బానెట్ ఎత్తాడు. నా తొడుగు చివర బ్లేడుతో కోసి చూశాడు. పచ్చటి పొడి రాలింది.

"ఇది ఇయ్యాల్టి తెగులు కాదు బాబాయ్. రెండు మూడేళ్ళ నుంచి తింటంది. దీని మీద ఏం పోత్తున్నావ్?"

"ఏముంది, నిమ్మకాయ. శుక్రవారం శుక్రవారం."

కరీముల్లా నవ్వలేదు. ఆయన షెడ్డు గుమ్మానికీ ఒక తాయెత్తు వేలాడుతూ ఉంది. "అమ్మవారికి పెట్టుకో బాబాయ్, బ్యాటరీకి పెట్టకు. దానికి పులుపు పడదు" అన్నాడు.

పోయిన ఏడు పోయిన లోడు ఘంటయ్య కళ్ళ ముందు తిరిగిందని నాకు అర్థమైంది. తల ఎత్తి భార్య వైపు చూడలేకపోయాడు. ఆవిడ అంతా వింది. చెంబు ఆపలేదు.

"నువ్వు తెలీక చేశావు. ఇప్పుడు ఇటొచ్చి ఇంకో చెంబు పట్టుకో" అంది.

తీసేటప్పుడు ముందు నేను, బిగించేటప్పుడు చివర నేను. నల్ల కేబుల్ పద్ధతి అది. కరీముల్లా మొదట నన్ను విప్పాడు, తర్వాత ఎర్రదాన్ని. వంటసోడా నీళ్ళు పోస్తే బ్యాటరీ మీద నురగ పొంగింది. బ్రష్షుతో రుద్ది, తుడిచి, కొత్త ఎర్ర కేబుల్ బిగించాడు. చివరగా నా చోట కొత్త నల్ల కేబుల్ పెట్టి, పైన గ్రీజు పూశాడు. మట్టిలో పడి నేను వింటున్నాను. ముందు బుడగల చప్పుడు, ఆ వెంటనే ఇంజను. వెల్లకిలా తేలినవి పదో పదిహేనో. మిగతావన్నీ నెమ్మదిగా అడుగుకు దిగాయి. అప్పుడు తిరుపతమ్మ ఏడ్చింది.

వెళ్తూ వెళ్తూ ఆవిడ నన్ను మట్టిలోంచి తీసి ఒళ్ళో వేసుకుంది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

శుక్రవారం వచ్చింది. అలవాటు చొప్పున నిమ్మకాయ పట్టుకుని బండి దగ్గరికి వచ్చిన ఘంటయ్య, బానెట్ మీద చెయ్యేసి ఆగిపోయాడు. తిరుపతమ్మ నన్ను ముందు బంపరుకు కట్టి, ఆయన చేతిలో కాయ తీసుకుని, దారానికి గుచ్చి నా చివర వేలాడదీసింది. "ఇంక దండం పెట్టుకో" అంది. ఆయన పెట్టుకున్నాడు, చాలాసేపు.

ఇప్పుడు బండి కదిలితే కాయ నా కింద ఊగుతుంది, పులుపు రోడ్డు మీద పడుతుంది. వెనక ట్యాంకులో బుడగలు చప్పుడు చేస్తుంటాయి. అవి నా గుండా రావడం లేదు. అయినా కొల్లేటి గాలికి కళ్ళు మూతలు పడుతుంటే, ఆ తోకలు నన్ను రాసుకుంటూ పోతున్నట్టే ఉంటుంది.