అరటి కుదుళ్ళ పక్క గోడ

పొద్దున్న లేస్తూనే పరిమళ చేసే మొదటి పని ముఖం కడుక్కోవడం కాదు, వెనక గది గోడ కింద రాలిన ఉప్పుపొడి ఊడ్చడం. ఎంత ఊడ్చినా మర్నాటికి మళ్ళీ పిడికెడు. గోడ నడుం ఎత్తు దాకా నల్లగా నాని, డిస్టెంపరు బొబ్బలెక్కి, చెయ్యి తగిలితే చాలు పెచ్చులూడేది. అత్తగారు గుమ్మంలోంచే, "నీళ్ళు గిన్నెల మీద పోత్తన్నావా, గోడ మీద పోత్తన్నావా?" అనేది. పరిమళ మంచం ఆ గోడకే, బీరువా ఆ గోడకే. ముందున్న పొడి గది వచ్చేపోయేవాళ్ళకి. మరి చీరలన్నీ ముక్కిన వాసన కొట్టవూ? ఆదివారం చర్చిలో పక్కావిడ ముక్కుకి పైట అడ్డం పెట్టుకుంటే, పరిమళ పాటల పుస్తకంలోకి ఇంకాస్త వంగిపోయేది.

నర్సీపట్నంలో సొంతిల్లు కొన్నానని పరిమళ భర్త వరదానం మాస్టారు తొంభై ఎనిమిదిలో గృహప్రతిష్ఠకి అందర్నీ పిలిచాడు. రోలుగుంట నుంచి పరిమళ తండ్రి యేసుబాబూ వచ్చాడు. నలభై ఏళ్ళు తాపీ పట్టిన మనిషి, ఊరుకుంటాడా? పాస్టరుగారి ప్రార్థన అయిందో లేదో, కొత్త సున్నం మీద అరచెయ్యి ఆనించి చూసి, పెరట్లోకెళ్ళి వచ్చాడు. ఇల్లు అమ్మినాయన వెనక గోడనానుకుని మన్ను పోసి అరటి వేశాడు. స్నానాల నీళ్ళన్నీ అటే.

"బాబూ, ఆ మన్ను గచ్చు కంటే జానెడు ఎత్తుంది. గోడ కిందనుంచి తాగతంది. కుదుళ్ళు తవ్వించీసి, మన్ను దింపించీసి, ఒక ఎండాకాలం గోడని అలాగ ఒగ్గీండి. ఆరినాకే రంగు. నాను వచ్చి సేసి పెడతాను, బేగి అయిపోద్ది."

"మావయ్యగారూ, చుట్టంగా వచ్చారు, చుట్టంగా ఉండండి. తాపీ ఇంటి దగ్గర ఒదిలేసి రాకపోయారా?" అని నవ్వాడు వరదానం. భోజనాల బంతిలో అందరూ నవ్వారు. యేసుబాబు చేతికంటిన సున్నం తువ్వాలుకి తుడుచుకుని, నాలుగు మెతుకులు తిని, ఆటో ఎక్కాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

చిన్నప్పుడు తండ్రికి సిమెంటు తట్టలందించిన పిల్ల, పరిమళకి తెలీదా ఆయన మాట నిజమని! "మీరొక్క మాట పిలిస్తే వస్తాడండీ" అని ఎన్నిసార్లు అడిగిందో. "మా స్కూలు పిల్లల తల్లిదండ్రులు తిరిగే వీధిది. మాస్టారి మావ లుంగీ ఎగ్గట్టి గోడ కొడుతుంటే చూడాలా?" అనేవాడు వరదానం. "పోనీ నేను తవ్వుతాను" అంటే, "అమ్మా, విన్నావా? టెన్త్ తప్పిన నీ కోడలు ఇంజినీరింగు పాసయింది!" అని వీధికి వినబడేలా అరిచాడు. మూడేళ్ళలో మూడుసార్లు రంగు వేయించాడు. మూడుసార్లూ బొబ్బలెక్కింది.

రెండు వేల ఒకటి వానల్లో యేసుబాబు మంచాన పడ్డాడు. పరిమళ వెళ్ళేసరికి మాట పీలగా వస్తోంది. ఒంట్లో బాధ చెప్పుకోలేదు, ఎలా ఉన్నావనీ అడగలేదు.

"గోడ ఆరిందా అమ్మా?"

"ఆరింది నాన్నా."

"మన్ను దింపించీసారా?"

"నువ్వు చెప్పినట్టే, నాన్నా."

ఆ ముఖంలోకి వచ్చిన వెలుగు చూడలేక, పరిమళ బయటికొచ్చి పైట నోట్లో కుక్కుకుంది. మర్నాడే పోయాడాయన.

మరుసటి ఏడు వేసవి ముందు వరదానం సూర్యప్రకాష్ అనే ఇంజినీరుగార్ని తీసుకొచ్చాడు. ఆయన గోడ ముట్టుకోనైనా లేదు. కిటికీలోంచి పెరడు చూసి, "ఆ మన్ను తీయించి గోడని ఎండనివ్వండి మాస్టారూ" అన్నాడు. "అదండీ చదువంటే!" అని మురిసిపోయి, వరదానం ఇంకోసారి కాఫీ పెట్టమన్నాడు. పెట్టింది. రెండ్రోజుల్లో కూలీలు అరటి తవ్వేశారు. ఆ ఎండలకి గోడ పూర్తిగా ఆరిపోయింది.

జూన్‌లో ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. ఇంజినీరుగారి తెలివినీ, తన శ్రద్ధనీ వరదానం వివరంగా చెప్పాక, "అమ్మగారు కూడా సాక్ష్యం చెప్తే బాగుంటుంది" అన్నారు పాస్టరుగారు. "దేవునికి వందనాలు అను, చాలు" అని వరదానం చెవిలో చెప్పాడు. పరిమళ లేచి నిలబడింది.

"దేవునికి వందనాలు. చావుమంచం మీదున్న మా నాన్నతో నేను అబద్ధమాడాను. గోడ ఆరిందని చెప్పాను. మన్ను తీయమని ఆయన నాలుగేళ్ళ కిందటే చెప్పాడు, ఈ ఇంట్లోనే. మీరంతా విన్నారు. నవ్వారు కూడా."

ఎవరో దగ్గారు. పాస్టరుగారు బైబిలు పేజీలు ఊరికే తిప్పారు.

"సరే, ఇంక కూర్చో" అన్నాడు వరదానం, పళ్ళ బిగువున.

"ఇంకా అవలేదండీ" అంది పరిమళ.