కారం లేని చోటు

గుంటూరు మిర్చి యార్డులో బుల్లయ్యకి రెండు విద్యలు వచ్చని పేరు. ఒకటి, బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి గుప్పెడు కాయ తీసి, విరిచి, వాసన చూసి సరుకు సంగతి చెప్పడం. కమీషన్ కొట్టులో అతనికి జీతం ఇచ్చేది ఇందుకే. రెండోది, ఏ పూట ఎక్కడ తినాలో చెప్పడం. దీనికి జీతం లేదు గానీ పేరంతా దీనివల్లే వచ్చింది. అద్దంకి నుంచో దర్శి నుంచో కాయ తెచ్చిన రైతు ముందు ధర అడిగేవాడు, ఆ వెంటనే, "బుల్లయ్యా, ఇవాళ ఎక్కడ తినమంటావ్?" అని అడిగేవాడు.

బుల్లయ్య దానికి తీరిగ్గా జవాబు చెప్పేవాడు. అరండల్‌పేటలో మేడమీది మెస్సుకి పోతే గోంగూర కోసం పోవాలి, అక్కడ పప్పు జోలికి పోకూడదు. బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ల సందులో ఇడ్లీ బాగుంటుంది, కానీ పొద్దెక్కితే ఆ రుచి ఉండదు. బస్టాండు వెనక చేపల పులుసు పెట్టే ఆమెకి కోపమెక్కువ, రెండోసారి పులుసు అడిగితే తిడుతుంది, అయినా అడగాలి. మంచి హోటలంటే అతని లెక్క ఒక్కటే. మొదటి ముద్దకి ముక్కు కారాలి, రెండో ముద్దకి కళ్ళు తుడుచుకోవాలి, మూడో ముద్దకి ఎదుటివాడి మాట వినపడకూడదు. ఇవేమీ జరగకపోతే, "అది అన్నం కాదు, ఆసుపత్రి కూడు" అని తీసిపారేసేవాడు. ఆ మాట ఎంత తేలిగ్గా అనేవాడో తలుచుకుంటే ఇప్పుడు అతనికే ఒళ్ళు మండుతుంది.

ఈ రుచుల కథలన్నీ ఇంటికొచ్చి భార్య వెంకటరావమ్మకి చెప్పేవాడు. ఆమె వండిన కూర తింటూ ఇంకెవరో వండిన కూరని మెచ్చుకునేవాడు. మగవాళ్ళలో ఇలాంటి ఘనులు చాలామందే ఉన్నారు, అందరికీ ఆ ముద్ద గొంతు దిగుతూనే ఉంటుంది. రావమ్మ ఊఁ కొట్టేది. ఆ హోటళ్ళలో ఒక్కదాని గడప కూడా ఆమె తొక్కలేదు. ఇంట్లో పొయ్యి పెట్టుకుని బయట తినడమేంటని ఆమె అనుకుంది. మగాళ్ళ గోలలో ఆమెకేం బాగుంటుందిలే అని అతను అనుకున్నాడు. వాళ్ళకి పిల్లలు లేరు. పుట్టినరోజనో, పరీక్ష ప్యాసయిందనో హోటలుకి పోదామని మారాం చేసేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేకపోయారు.

కిందటి ఏడాది శీతాకాలంలో రావమ్మ బుగ్గ లోపల పుండు లేచింది. మానలేదు. ముక్క కోసి పరీక్ష చేసి, క్యాన్సరు, ఆపరేషన్‌కి లొంగదు, కరెంటు పెట్టాలి అన్నారు. జనం కరెంటు అనేది రేడియేషన్‌ని. కొన్నాళ్ళు పెట్టేసరికి నోరంతా పచ్చిపుండైంది. మంచినీళ్ళు తాగినా మంటే. వంటింట్లోకి పోతే పోపు వాసనకే వాంతి. బుల్లయ్యకి ఊరంతటి రుచులూ తెలుసు గానీ పాలు పొంగకుండా కాచడం తెలియదు. ఇరుగుపొరుగు చప్పిడి చారు అని పంపితే అందులోనూ ఎండుమిరపకాయ తేలుతుండేది. గుంటూరులో చప్పిడి అంటే అంతే మరి.

డాక్టరమ్మ బుల్లయ్యని పక్కకి పిలిచి సూటిగా చెప్పింది. "బరువు బాగా తగ్గిపోతున్నారండీ. ఇలాగే ఉంటే కరెంటు ఆపేయాల్సి వస్తుంది. నోటితో తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తాం. కారం మాత్రం ఒక్క రవ్వ తగలకూడదు."

ఇంటికొచ్చాక బుల్లయ్య గొట్టం మాట రావమ్మకి చెప్పాడు. సాయంత్రం మంచం మీద కూర్చుని, "ముక్కుతో తిని బతకడమేందయ్యా, నాకొద్దు" అంది. మళ్ళీ తనే, "ఇన్నేళ్ళు ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పావుగా. నాకూ ఒక మంచి చోటు చూపించు. నోట్లోకి నాలుగు ముద్దలు పోయే చోటు" అంది.

ఆమె అతన్ని కోరిక కోరడం అదే మొదలు. బుల్లయ్య ఇదెంత పని అనుకున్నాడు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం యార్డులో సరుకు మచ్చులు చూడటం అయిపోగానే పంపు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని నేరుగా ఆసుపత్రికి పోయేవాడు. కరెంటు పెట్టించుకుని వచ్చిన రావమ్మని, యార్డు దగ్గర ఆటో నడిపే బుడాన్ బండిలో ఎక్కించుకుని ఒక్కో హోటలుకి తీసుకుపోయేవాడు. మొదటిరోజు అరండల్‌పేట మెస్సు. పెరుగన్నం చెప్పాడు. పోపులో మిరపకాయ వేయొద్దని వంటాయన దగ్గరికి పోయి మరీ చెప్పాడు. ఆయన నవ్వి, "నువ్వేనా బుల్లయ్యా ఈ మాట అనేది" అన్నాడు.

పెరుగన్నం వచ్చింది. నలుగురి మధ్య తినడం రావమ్మకి అలవాటు లేదు, పైగా ముద్ద కలిపే ఓపిక లేదు. అన్నం అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. బుల్లయ్య అటూ ఇటూ చూశాడు. తర్వాత తనే మెత్తగా మెదిపి, చిన్న ముద్ద చేసి ఆమె నోటి దగ్గర పెట్టాడు. పెళ్ళినాడు అందరూ బలవంతపెడితే పెట్టిన మిఠాయి ముక్క తర్వాత అతను ఆమెకి చేత్తో పెట్టింది అదే. రావమ్మ అతని మొహంలోకి చూసి నోరు తెరిచింది. ముద్ద నోట్లోకి పోగానే మొహం ముడుచుకుపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మింగింది. ఇంకోటి పెడితే అదీ మింగింది. మూడోదానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మంటా?"

ఆమె తల ఊపింది.

బుల్లయ్య లేచి వంటాయన మీదికి పోయాడు. గరిటె మార్చలేదన్నాడు, మూకుడు కడగలేదన్నాడు, రోగం మనిషికి పెట్టే తిండా ఇది అన్నాడు. ఆయన మొత్తుకుంటున్నా వినిపించుకోలేదు.

బ్రాడీపేట ఇడ్లీలకీ అదే జరిగింది. పాలలో నానబెట్టి మెదిపి పెడితే కూడా ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అక్కడ ఇడ్లీ రేకులకి కారప్పొడి అంటిందని గొడవ. ఇంకోచోట పప్పన్నం, ఇంకోచోట మజ్జిగన్నం. తాడేపల్లి దగ్గర బెజవాడ పోయే దారిలో కొత్తగా పెట్టిన పెద్ద ఏసీ హోటలుకి కూడా తీసుకుపోయాడు. అక్కడ చెంచాలూ ఫోర్కులూ వరసగా పెట్టారు. బుల్లయ్య వాటిని పక్కకి నెట్టి, చేత్తోనే కలిపి పెట్టాడు. రెండు ముద్దలు, కళ్ళనీళ్ళు, మళ్ళీ పోట్లాట. ఎక్కడికి పోయినా రెండు మూడు ముద్దలకి మించి దిగలేదు. ఇన్నేళ్ళూ తనకి తెలుసనుకున్న ఊళ్ళో ఇప్పుడు అతనికి ఒక్క చోటూ తెలియలేదు. యార్డులో ఎవరైనా ఎక్కడ తినమంటావని అడిగితే, "నాకేం తెలుసయ్యా" అని కసురుకోవడం మొదలుపెట్టాడు.

ఆమె మాత్రం రోజూ ఆ వేళకి తలదువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని ఆసుపత్రి గుమ్మంలో సిద్ధంగా ఉండేది.

ఇదంతా చూస్తున్న బుడాన్ ఒకరోజు, "మా పిన్ని దగ్గరికి పోదామా బాబాయ్?" అన్నాడు. "లాలాపేటలో ఇంటి ముందే నాలుగు బల్లలేసి హోటలు పెట్టింది. వాళ్ళ ముసలాయనకి కడుపులో పుండని ఆయనకి విడిగా వండుతుంది. ఆ గిన్నె ఇంక దేనికీ వాడదు."

బుడాన్ పిన్ని పేరు జహీరున్నీసా. బియ్యమూ పెసరపప్పూ గంజిలా ఉడికించిన పలచటి కిచిడీని వేడి చల్లార్చి పళ్ళెంలో తెచ్చింది. బుల్లయ్య మెదిపి ముద్ద పెట్టాడు. రావమ్మ కళ్ళు మూసుకుని మింగింది. మూసిన కళ్ళలోంచే నీళ్ళు కారాయి.

"ఏందమ్మా ఇది. కారం వేయనన్నావంట" అన్నాడు బుల్లయ్య గొంతు పెంచి.

జహీరున్నీసా కోపం తెచ్చుకోలేదు. అదే గిన్నెలోంచి ఒక చెంచాడు నోట్లో వేసుకుని చూసింది. తర్వాత వంగి బుల్లయ్య చేతిని చూసింది. గోళ్ళ అంచులు ఎర్రగా ఉన్నాయి.

"నీ పని ఎక్కడన్నా?"

"యార్డులో."

"అక్కడి నుంచేనా వచ్చేది?"

"చేతులు కడుక్కునే వచ్చా."

ఆమె లోపలికి పోయింది. కడిగిన చెంచా తెచ్చి, వేరే పళ్ళెంలో కిచిడీ పోసి రావమ్మ పక్కన కూర్చుంది. ఒక చెంచా పెట్టింది. రావమ్మ మొహం ముడుచుకోలేదు. ఇంకోటి, ఇంకోటి. నెమ్మదిగా, ఆగి ఆగి, పళ్ళెంలో సగం దాకా తింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"నేనూ యార్డులో మిరపకాయల తొడాలు తీసిందాన్నే అన్నా" అంది జహీరున్నీసా చెంచా కడుగుతూ. "సబ్బుకి పోదది. మన చర్మం మొద్దుబారి మనకి తెలవదు. పనినుంచి వచ్చి మా పిల్లని ఎత్తుకుంటే గుక్కపెట్టి ఏడ్చేది. దిష్టి తగిలిందనుకున్నా. మొహమంతా కందిపోయినాక అర్థమైంది. పిల్లలున్న ఇంట్లో ఇది ముందే తెలిసిపోద్ది." అనేసి, వీళ్ళకి పిల్లల్లేరని బుడాన్ చెప్పింది గుర్తొచ్చి ఆగింది. "కావాలంటే ఆ వేలు కంట్లో పెట్టుకుని చూడు."

బుల్లయ్య చూపుడువేలు నాలుకకి తగిలించుకున్నాడు. ఏమీ లేదు. కంటి కొనకి తగిలించుకున్నాడు. కన్ను భగ్గుమంది.

పంపు దగ్గరికి పోయి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. ఎన్ని హోటళ్ళలో ఎంతమందిని తిట్టాడో ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్ళెవరి తప్పూ లేదు. పచ్చిపుండులో కారం పెట్టింది తను. రోజూ, ప్రేమగా, తన చేత్తో పెట్టాడు. ఆ మాట తనకి తను చెప్పుకుని, మళ్ళీ పంపు తిప్పి చేతులు రుద్దుకున్నాడు.

తిరిగి వచ్చేప్పుడు ఆటోలో బుల్లయ్య తన గోళ్ళే చూసుకుంటూ కూర్చున్నాడు. శంకరవిలాస్ సెంటర్ దాటాక అడిగాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మొదటిరోజే. నీ వేలు పెదవికి తగలగానే తెలిసింది."

"మరి చెప్పలా? గొట్టం వేస్తారని తెలిసి కూడా చెప్పలా?"

రావమ్మ బయటికి చూస్తూ, నోరు ఎక్కువ కదపకుండా నెమ్మదిగా అంది. "చెబితే పెట్టడం మానేస్తావుగా."

ముందు సీట్లో బుడాన్ అద్దంలోంచి చూపు తిప్పేసుకున్నాడు. బుల్లయ్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని ఇల్లు చేరేదాకా అలాగే కూర్చున్నాడు.

మర్నాటి నుంచి అతను యార్డుకి పోలేదు. సీజను మధ్యలో ఇదేం పని అని కొట్టు యజమాని ఫోన్లో అరిచాడు. అరవనీ అనుకున్నాడు. చేతులకి కొబ్బరినూనె పట్టించి రుద్దేవాడు, మజ్జిగలో నానబెట్టేవాడు, గోళ్ళు రక్తం వచ్చేదాకా కత్తిరించాడు. పొద్దున లేవగానే వేలు కంటికి తగిలించుకుని చూసుకునేవాడు. మంటే. పూటపూటా లాలాపేట నుంచి కిచిడీ తెచ్చి చెంచాతో పెట్టేవాడు. రావమ్మ తినేది. మొదట్లో కాస్త బాగానే తిన్నది కూడా. కానీ చెంచా దగ్గరికి వచ్చినప్పుడు ఒకసారి దానివైపు, ఒకసారి అతని చేతివైపు చూసేది. అది అతనికి కనిపించేది. ఏం చేయాలో తెలిసేది కాదు.

పుండు గొంతులోకి దిగింది. కరెంటు ఆపేశారు. చివరికి గొట్టం వేయక తప్పలేదు. ఆమె కాదనలేదు, ఒప్పుకోనూ లేదు.

గొట్టం వేశాక ఒక పొద్దున బుల్లయ్య వేలు కంటికి తగిలించుకుంటే మంట రాలేదు. రెండో కంటికి తగిలించుకున్నాడు. రాలేదు. మొహం కూడా కడుక్కోకుండా లాలాపేటకి పరిగెత్తాడు. కిచిడీ పైన తేటని గిన్నెలో తెచ్చి, మంచం పక్కన కూర్చుని, నర్సు అటు పోయేదాకా ఆగాడు. చూపుడువేలు తేటలో ముంచి రావమ్మ పెదవుల మధ్య పెట్టాడు. ఆమె వేలిని నాలుకతో తాకింది. మొహం ముడుచుకోలేదు.

"ఎట్టా ఉంది?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. గొట్టం పక్కన పెదవి కొంచెం వంకరపోయింది, నవ్వుకి.

"చప్పగా ఉందయ్యా" అంది.

అతనితో ఆమె అన్న మాటల్లో అతనికి స్పష్టంగా వినపడింది అదే చివరిది. ఉగాది ముందు పోయింది.

శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. యార్డు వాళ్ళొచ్చారు, అరండల్‌పేట మెస్సు వంటాయన వచ్చాడు, జహీరున్నీసా వచ్చి గేటు దగ్గర నిలబడింది. తీసుకెళ్ళే ముందు, నోట్లో బియ్యం వేయండని పెద్దలు పిలిచారు. అందరూ వేశారు. ఆఖరున బుల్లయ్య వంతు.

బియ్యంలో చెయ్యి పెట్టబోయి ఆగి, అలవాటుగా వేలు కంటికి తగిలించుకున్నాడు. నీళ్ళు కారుతున్నాయి. రెండో కన్ను చూసుకున్నాడు. అందులోంచీ కారుతున్నాయి. కారం పోయిందో లేదో అతనికి ఎంతకీ తేలలేదు.

"ఒక చెంచా ఇవ్వండయ్యా" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు మొహాలు చూసుకున్నారు. మతి చలించిందనుకున్నారేమో, ఎవరో వంటింట్లోకి పోయి నిజంగానే చెంచా తెచ్చి ఇచ్చారు. బుల్లయ్య దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. బియ్యం తీసుకోలేదు.

గేటు దగ్గర నుంచి జహీరున్నీసా ముందుకొచ్చింది. ఆటోలో రావమ్మ అన్న మాట బుడాన్ ఆమెకి చెప్పే ఉన్నాడు. "చేత్తోనే పెట్టన్నా" అంది మెల్లగా. "ఆమె కోరుకుంది అదే."

బుల్లయ్య చెంచా కింద పెట్టి, నాలుగు గింజలు వేళ్ళతో తీసుకుని, రావమ్మ పక్కన కూర్చున్నాడు.