ముసుగు తీసిన ఈరా

నేను ఒక మైకుని. ఎక్కడో చల్లటి దేశంలో పుట్టాను, బతుకంతా మాత్రం హైదరాబాద్ కృష్ణానగర్‌లో, ఒక డబ్బింగ్ థియేటర్లో గడిచింది. మనుషులు నా మొహం మీదే ఏడుస్తారు, నవ్వుతారు, దగ్గుతారు. పని కాగానే నన్ను అలా వదిలేసి టీకి పోతారు. అలవాటైపోయిందిలెండి.

నన్ను పలకరించేది మాణిక్యాంబగారు ఒక్కరే. అరవై దాటిన ఆర్టిస్టు. వస్తూనే "ఏమయ్యా, బాగున్నావా?" అంటారు.

ఐదేళ్ల కిందట 'మంచురేవు' అనే వీడియో గేముకి తెలుగులో డబ్బింగ్ చెప్పారు. గేములకి బొమ్మ చూపించరు. మాటల జాబితా చేతికిచ్చి చదవమంటారు, అంతే. అందులో పడవ నడిపే ఈరా అనే మనిషికి ఉన్నవి నాలుగే మాటలు, వాటిలో ఒకటి: "నడుం పట్టేసింది. మీరు పదండి, నేను నెమ్మదిగా వస్తా." నడుం పట్టిందంటే ముసలావిడే అనుకుని, గొంతులో వణుకు తెచ్చి చెప్పేశారు. గేములో ఈరా మొహానికి ముసుగు, ఎవరికీ అనుమానం రాలేదు. పైగా గేము ఆడేవాళ్లకి ఆ గొంతు తెగ నచ్చింది.

మొన్న ఆ గేము కథనే పెంచి యానిమే బొమ్మల సిరీస్ తీశారు. పన్నెండు భాగాలూ ఈరాదే కథ. చాన్నాళ్లుగా పెద్ద వేషం లేని మాణిక్యాంబగారు కొత్త చీర కట్టుకుని వచ్చారు. తెరమీద ఈరా ముసుగు తీసింది. పంతొమ్మిదేళ్ల పిల్ల! యుద్ధంలో గాయపడ్డవాళ్లని పడవలోకి మోసి మోసి నడుం పట్టేసిందట.

డబ్బింగ్ డైరెక్టర్ ఫణి తల పట్టుకున్నాడు. "అమ్మా, ఏమనుకోకండి..."

"ఆగు బాబూ, ఒక్కసారి చూడనీ" అని ఆవిడ గొంతు సన్నం చేశారు. మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ అరవైయేళ్లే వినిపించాయి. అబద్ధం చెప్పడం చేతకానందుకు నామీద నాకే కోపం వచ్చింది. చివరికి ఈరా తల్లి వేషం ఇచ్చారు. అందులో ఉన్నది ఒక్క మాట.

మర్నాడు ఈరాకి లిఖిత అనే అమ్మాయి వచ్చింది. గొంతు బంగారమే, నడుం నొప్పి మాత్రం పలకదు. పది టేకులయ్యాయి. ఆ పిల్లకి కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ. మూల కూర్చున్న మాణిక్యాంబగారు ఊరుకోలేకపోయారు. లేచి, నిండు నీళ్ల క్యాన్ తెచ్చి ఆ పిల్ల చేతుల్లో పెట్టారు.

"మోస్తూ చెప్పు తల్లీ. ఊపిరి అదే వస్తుంది."

వచ్చింది. దాంతో ఈరా వేషం ఇక తనది కాదని ఆవిడకీ తెలిసిపోయింది. అయ్యో, ఎంత బాధపడ్డారో నాకు తెలుసు.

తర్వాత తల్లి సీను. యుద్ధం నుంచి కూతురు ఇంటికొస్తుంది. ఈరాకి మాట లేదు, ఊపిరి శబ్దాల కోసం లిఖిత పక్కన నిలబడింది. మాణిక్యాంబగారు తెర వదిలేసి ఆ పిల్లవైపే తిరిగారు.

"వచ్చావా? కాళ్లు కడుక్కో, అన్నం పెడతా."

"అమ్మా" అనేసింది లిఖిత.

కాగితంలో లేని మాట. బొమ్మ పెదవి కదల్లేదని ఫణి దాన్ని తీసేశాడు. సిరీస్‌లో మీకు వినపడదు. మాణిక్యాంబగారు మాత్రం ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, బయటికి వెళ్లేదాకా వదల్లేదు.