నల్ల కొక్కెం

"నల్లవే వేయిద్దాం" అని అతను నాలుగోసారి అనేసరికి ఆమెకు అనుమానం రానే వచ్చింది.

పదకొండేళ్ల కాపురంలో పరదాల రంగు అడిగినా, సోఫా గుడ్డ అడిగినా "నీ ఇష్టం" తప్ప మరో మాట ఎరగని మనిషి. స్నానాలగది కుళాయిల పూత దగ్గర మాత్రం పట్టిన పట్టు విడవడం లేదు. నీళ్లలో సున్నం ఎక్కువనీ, నల్లదాని మీద ఆరిన ప్రతి చుక్కా తెల్లగా తేలుతుందనీ, గుడ్డ పట్టుకుని తుడవాల్సింది తనేననీ ఆమె చెప్పి చూసింది. మెరుపు తగ్గించిన నికెల్ అయితే ఏ గొడవా ఉండదంది. అతను విన్నాడు. విని, మళ్లీ నల్లవే అన్నాడు.

మొదట ఆమె కన్ను ప్లంబరు మీద పడింది. అంగడి దీపాల కింద అన్నీ అందంగానే ఉంటాయని, మూడు పూతల్లో మూడు కొక్కేలు తెచ్చి, పాలరంగు టైల్స్ మీద జిగురుపట్టీతో అతికించి, వారం రోజులు తువ్వాళ్లు తగిలించుకుని చూడమన్నది ఆ ప్లంబరే. ఎవరో వద్దన్న నల్ల సరుకును మొగుడి నోటితో తన నెత్తిన రుద్దుతున్నాడేమోననుకుంది. అయస్కాంతం పెట్టి చూసింది, వెనిగర్ పూసి చూసింది. కొక్కెం ఇత్తడిదే, పూత చెక్కుచెదరలేదు. ప్లంబరు బతికిపోయాడు.

ఇక ఇంట్లోవాళ్లు మిగిలారు. రోజూ కొక్కేల చోట్లు మార్చి, ఎవరి తువ్వాలు ఎక్కడ వేలాడుతుందో కనిపెట్టసాగింది. అతనూ కూతురూ చేతికి ఏది అందితే దానికి తగిలించేవారు. అత్తగారి తువ్వాలు మాత్రం ఏ మూలనున్నా నల్లదాని మీదే.

అయిదోరోజు పొద్దున ఆమె నల్లదాన్ని తీసి దాచేసింది. తలుపు సందులోంచి చూస్తూండగా అత్తగారు గోడమీద ఒట్టి టైలుకు తువ్వాలు తగిలించబోయారు. అది కింద పడింది. తీసి దులిపి, మళ్లీ తగిలించారు. మళ్లీ పడింది. పాలరంగు టైలులో కలిసిపోయిన నికెల్ కొక్కెం జానెడు దూరంలోనే ఉంది.

ఆమెకు స్కూటరు గుర్తొచ్చింది. పోయిన నెల స్కూటరు ముందు రేకు సొట్టపడితే గేటు తగిలిందన్నారు అత్తగారు. మామగారు పోయాక యాభైమూడో ఏట పట్టుబట్టి నేర్చుకున్న స్కూటరు అది. బజారుకైనా స్నేహితురాళ్ల ఇళ్లకైనా ఎవర్నీ అడగక్కర్లేకుండా తిరిగేది దానిమీదే. రోజూ మనవరాలిని వెనక కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లేదీ దానిమీదే.

ఆ పూట ఏదో వంక పెట్టి కూతుర్ని తనే దింపి వచ్చింది. వచ్చేసరికి అత్తగారు హాల్లో పేపరు మడతపెట్టుకుని కూర్చున్నారు.

"కొక్కెం కనబడలేదా అత్తయ్యా?"

"కనబడకేం. చెయ్యి జారింది."

"రెండుసార్లా?"

అత్తగారు పేపరు పక్కన పెట్టారు. "నల్లది తీసింది నువ్వేనా? నీకు పోలీసు ఉద్యోగం ఇవ్వనివాడు బుద్ధితక్కువవాడు."

పక్క గదిలోంచి వచ్చిన అతను నీళ్లు నమిలాడు. అమ్మే అడిగిందట, తన పేరు చెప్పొద్దందట. ముచ్చటపడుతోంది కాబోలనుకున్నాడట.

"వెనక కూర్చునేది నా కూతురు అత్తయ్యా" అంది ఆమె. గొంతు పెంచలేదు. "ముందు కూర్చునేది మీరు. నాకు ఇద్దరూ కావాలి."

అత్తగారు లేచి తన గదిలోకి వెళ్లిపోయారు. స్కూటరు తాళంచెవి అడగడానికి ఆమెకు నోరు రాలేదు. సాయంత్రం దాకా ఆ తలుపు వంకే చూస్తూ గడిపింది.

రాత్రి భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక అత్తగారు మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టారు.

"కుళాయిలూ కొక్కేలూ అన్నీ నల్లవే చెప్పండి. మరకలు నేను తుడుస్తాను. రేపట్నుంచి పిల్లని మీరిద్దరూ వంతులేసుకుని దింపండి. కంటి డాక్టరు చూసి సరేననేదాకా నేను స్కూటరు తీయను."