కొవ్వూరులో మూడు ఫ్రిజ్జుల పోటీ

రెండువేల దశకం ముగుస్తున్న రోజులవి. కొవ్వూరు కరెంటాఫీసువాళ్ళు ఒక కబురు చెప్పారు. ఐదు స్టార్ల ఫ్రిజ్జు కొన్నవాళ్ళకి కరెంటు బిల్లులో రిబేటు ఇస్తామన్నారు. తలుపు మీద అంటించిన కాగితంలో ఎన్ని స్టార్లుంటే ఆ ఫ్రిజ్జు అంత పొదుపని అర్థం. మెయిన్ రోడ్డులో ఫ్రిజ్జుల కొట్టున్న హరిబాబు ఆ మాట ఆటోకి మైకు కట్టి మరీ ఊరంతా చెప్పించాడు. గోడౌన్ నిండా ఐదు స్టార్ల సరుకు దింపించాడు.

కుండపెరుగు అమ్మే సంపూర్ణమ్మ అందులో ఒకటి ముందే ఎంచుకుంది. పుష్యమాసం అడ్డొచ్చింది.

"శూన్యమాసంలో కొత్త వస్తువు గుమ్మం దాటి రాకూడదు హరిబాబూ. మాఘం రానీ, తీసుకెళ్తాను" అంది.

మాఘం వచ్చేలోపు కొత్త సంవత్సరం వచ్చింది. దానితోపాటు స్టార్ల కొలత కూడా మారింది. కంపెనీలు ఇంకా పొదుపైన ఫ్రిజ్జులు చేస్తున్నాయి గనక ఐదు స్టార్లు తెచ్చుకోవడం కష్టం చేశారు. నిన్నటి ఐదు స్టార్ల ఫ్రిజ్జు కొత్త లెక్కలో మూడు స్టార్లకి దిగింది. రిబేటు మాత్రం ఐదు స్టార్లకే. హరిబాబు గోడౌన్‌కేసి చూసుకుని కుర్చీలో కూలబడ్డాడు.

ఈ సంగతి విని సంపూర్ణమ్మ అతన్ని వెంటబెట్టుకుని కరెంటాఫీసుకి వెళ్ళింది. అక్కడ అసిస్టెంట్ ఇంజనీరు ఫణిశ్రీ. అమలాపురం దగ్గర పల్లెటూరి పిల్ల. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు.

"ఏమ్మా, ఫ్రిజ్జు కదలకుండా గోడౌన్‌లోనే ఉంది. దాని స్టార్లు ఎలా రాలిపోయాయి?" అని అడిగింది సంపూర్ణమ్మ.

"ఫ్రిజ్జు అదేనండి. పాస్ మార్కులు పెంచారు, అంతే. పోయినేడు ఫస్ట్ క్లాసులో ఉన్నవాడు ఈ ఏడు సెకండ్ క్లాసులోకి వచ్చాడు."

"ఆ పెంచినోళ్ళు చెప్పగానే నమ్మెయ్యాలా? రెండిటికీ తేడా ఏంటో నాకు చూపించు."

ఫణిశ్రీకి కోపం రావాల్సింది, ఉత్సాహం వచ్చింది. కాలేజీలో చదివింది చేసి చూసే అవకాశం ఆమెకి ఇంతవరకు రాలేదు. "చూపిస్తానండి. ఇక్కడే హాల్లో పెడదాం. ఒక్కోదానికి ఒక్కో మీటరు" అంది.

"అయితే మా ఇంట్లోది కూడా పెట్టు. మా ఆయన రాజమండ్రిలో కొని పడవ మీద గోదావరి దాటించి తెచ్చిన ఫ్రిజ్జమ్మా అది. ఈ స్టార్లవాటి పని అదే పడుతుంది."

మర్నాడు పొద్దున్నే మూడు ఫ్రిజ్జులూ హాల్లో వరసగా నిలబడ్డాయి. ఫణిశ్రీ తెప్పించిన కొత్త ఐదు స్టార్లది, హరిబాబు గోడౌన్‌లోది, సంపూర్ణమ్మ ఇంటిది. మూడింటిలోనూ ఆమె సమానంగా పెరుగు ముంతలు సర్దింది. ఎవరూ తలుపులు తియ్యకూడదని ఫణిశ్రీ చెప్పింది. బిల్లు కట్టడానికి వచ్చినవాళ్ళు కట్టేశాక కూడా వెళ్ళలేదు. మీటర్ల ముందు చేరి తలా ఒక ఫ్రిజ్జు పక్షం పట్టారు. సంపూర్ణమ్మ ఫ్రిజ్జు లారీ ఇంజన్‌లా గుర్రుమంటుంటే, "చూశారా, ఎంత కష్టపడి పనిచేస్తుందో!" అని ఆవిడ మురిసిపోయింది.

మధ్యాహ్నం ఉన్నట్టుండి కరెంటు పోయింది. కరెంటాఫీసులోనే కరెంటు పోయేసరికి హాలంతా ఒకటే నవ్వులు. ఫణిశ్రీ సిగ్గుపడుతూ సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసింది. "ముగ్గురికీ ఒకేసారి పోయిందిగా, పోటీలో మోసం లేదులే అమ్మా" అని సంపూర్ణమ్మే ఆమెకి సర్దిచెప్పింది.

సాయంత్రం మీటర్లు చూశారు. కొత్త ఐదు స్టార్లది అన్నిటికన్నా తక్కువ కాల్చింది. హరిబాబుది దానికి కాస్త పైన. సంపూర్ణమ్మది ఆ రెండూ కలిసి కాల్చినదానికన్నా ఎక్కువ కాల్చింది.

సంపూర్ణమ్మ మీటరు దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు సరిచేసుకుని మళ్ళీ చూసింది. అందరూ ఆమె దెబ్బలాడుతుందనుకున్నారు. "పాపం, ముసలిదైపోయింది" అని దాని తలుపు మీద చెయ్యి వేసి నిమిరింది.

ఫణిశ్రీ మాత్రం ఆ మూడు మీటర్లనే చూస్తూ నిలబడింది. "హరిబాబుగారూ, మనం చూడాల్సింది మూడు స్టార్లా ఐదు స్టార్లా అని కాదండి. ఏది తీసేసి ఏది పెడుతున్నాం అన్నది చూడాలి. ఈవిడ మీ ఫ్రిజ్జు కొన్నా మా లైను మీద బోలెడు భారం తగ్గుతుంది."

"ఆ మాట మీ పైవాళ్ళకి చెప్పండి మేడమ్, మీకు పుణ్యముంటుంది" అన్నాడు హరిబాబు.

ఆమె చెప్పింది. ఫోన్లో చెబితే వినలేదు. ఏలూరు వెళ్ళి డివిజనల్ ఇంజనీరు ఎదురుగా కూర్చుని చెప్పింది. ఆయన ముందు విసుక్కున్నాడు. ఆ తర్వాత ఇంట్లో తన పాత ఫ్రిజ్జుకి కూడా మీటరు పెట్టించి చూసుకున్నాడట. శివరాత్రి వెళ్ళాక కొత్త ఉత్తర్వు వచ్చింది. కొత్త ఐదు స్టార్లకి పూర్తి రిబేటు. పాత ఫ్రిజ్జు అప్పగించి మూడు స్టార్లది కొన్నవాళ్ళకి అందులో సగం. హరిబాబు మళ్ళీ ఆటోకి మైకు కట్టాడు. కొవ్వూరులో ఇన్ని పాత ఫ్రిజ్జులున్నాయని ఎవరికీ తెలియదు. రిక్షాల మీద, తోపుడుబళ్ళ మీద వచ్చిపడ్డాయి. గోడౌన్ ఖాళీ అయింది.

సంపూర్ణమ్మ కూడా అనుకున్న ఫ్రిజ్జే తీసుకుంది. పాతది మాత్రం అప్పగించలేదు. ఫణిశ్రీ స్వయంగా ఆమె ఇంటికి వెళ్ళింది.

"ఈ స్కీము మీ ఫ్రిజ్జు చలవే కదండీ. మీరే రిబేటు వదులుకుంటే ఎలా?"

సంపూర్ణమ్మ పాత ఫ్రిజ్జు తలుపు తెరిచి చూపించింది. వైరు తీసేసి ఉంది. లోపల వడియాలు, అప్పడాల డబ్బాలు.

"ఇప్పుడిది కరెంటు తినదుగా. ఉండనివ్వమ్మా" అంటూ ఒక డబ్బా తీసి, పిడికెడు గుమ్మడి వడియాలు పొట్లం కట్టి ఆమె చేతిలో పెట్టింది.