నాలుగో పేజీకి వెళ్ళండి

ఆఫీసులో ఆమెని అందరూ 'కొశ్చన్ పేపర్' అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె కూడా పలుకుతుంది. జనం ఆరోగ్యం మీద సర్వేలు చేసే ఆ సంస్థ నుంచి ఏ ఫారం బయటికి వెళ్ళినా అందులో ప్రతి ప్రశ్నా ఆమె చేతిమీదుగా పోవాల్సిందే. ఏది ముందడగాలి, ఏది వెనకడగాలి, ఏ మాటకి మనిషి ముడుచుకుపోతాడు, ఏ మాటకి విచ్చుకుంటాడు, ఇవన్నీ ఆమెకి కొట్టిన పిండి. ఆ సంగతి, చెప్పొద్దూ, ఆమెకే అందరికన్నా కాస్త ఎక్కువ తెలుసు.

ఈసారి పని హెచ్ఐవీ గురించి. రోజుకో మాత్ర వేసుకుంటే అది అంటుకోకుండా కాపాడే మందు ఉంది. అది ఎవరికి అవసరమో, ఎవరికి అందడం లేదో తేల్చాలి. మగవాళ్ళతో సంబంధాలున్న మగవాళ్ళు, ట్రాన్స్ మహిళలు ఆస్పత్రి గుమ్మం తొక్కడానికే జంకుతారు. అక్కడ వాళ్ళని చూసే చూపులు అలాంటివి మరి. అందుకని పదకొండు నెలల కిందట మెకానిక్కు షెడ్లకీ ఫ్యాక్టరీలకీ వెళ్ళి క్యాంపులు పెట్టారు. అక్కడే రక్తపరీక్ష, అక్కడే ఫారం, అవసరమైనవాళ్ళకి అక్కడికక్కడే మాత్రలు.

మొదట రాసిన ఫారం నింపడానికి నలభై నిమిషాలు పట్టింది. సగంలోనే జనం లేచి చక్కా పోయారు. అప్పుడు మన కొశ్చన్ పేపర్ ఒక ఉపాయం కనిపెట్టింది. మొదటి పేజీలో 'పెళ్ళయిందా?' అనే ప్రశ్న ఉంది. 'అవును' అనే గడి పక్కన చిన్న బాణం గీసి, 'నాలుగో పేజీకి వెళ్ళండి' అని రాసింది. మధ్యలో ఉన్న రెండు పేజీలూ మగవాళ్ళతో సంబంధాల గురించి. పెళ్ళాం పిల్లలున్న మనిషిని కూర్చోబెట్టి అవన్నీ అడిగి మొహం మాడ్చడమెందుకని ఆమె ఆలోచన. పదిహేను నిమిషాలు కలిసొచ్చాయి. డైరెక్టరుగారు ఆ బాణాన్ని మీటింగులో తెరమీద చూపించి మరీ మెచ్చుకున్నారు. ఆ రోజంతా ఆమె కాళ్ళు నేలమీద ఆనలేదు.

కంప్యూటరు ఉంది చూశారూ, దానికి మొహమాటాలు తెలియవు. ఖాళీగా వచ్చిన రెండు పేజీలనీ 'లేదు' అని లెక్కేసుకుంది. పెళ్ళయిన మగవాళ్ళు ఆరువందల నలభై మంది ఉంటే, మగవాళ్ళతో సంబంధాలున్నవాళ్ళ గడిలో సున్నా వచ్చింది. అంతమంది చదువుకున్నవాళ్ళు ఆ సున్నాని చూసి బుద్ధిగా తలూపారు.

ఊపనిది ఒక్క మైకక్క. ఆవిడ ట్రాన్స్ మహిళ, తనలాంటివాళ్ళ కోసం ఒక సహాయకేంద్రం నడుపుతోంది, ఈ సర్వేకి సలహాదారు కూడా. మైకు లేకుండానే హాలు చివరిదాకా గొంతు వినిపిస్తుంది కనక ఆ పేరు.

"సున్నా ఏంటమ్మా? మా సెంటరుకి వచ్చేవాళ్ళలో సగంమందికి పెళ్ళిళ్ళయ్యాయి. ఇద్దరి పెళ్ళిళ్ళకి నేనే వెళ్ళి భోంచేసొచ్చాను," అందావిడ.

"అవి కబుర్లక్కా. ఇవి లెక్కలు," అంది కొశ్చన్ పేపర్. నవ్వుతూనే అంది, అదే పాపం.

ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఆ రిపోర్టు మీద డైరెక్టరుగారి సంతకం పడాలి. పడితే, వచ్చే మూడేళ్ళు పెళ్ళయిన మగవాళ్ళు ఆ మాత్రల జాబితాలో ఉండరు.

పొద్దున్న పదకొండింటికి అన్నయ్య వచ్చాడు. ఆమె సొంత అన్నయ్యే. లిఫ్టు మెకానిక్కు. ఆ భవనంలో లిఫ్టు సర్వీసింగు అతనిదే కాబట్టి నెలకోసారి రావడం మామూలే. ఎప్పుడూ గుమ్మంలోంచే "పరీక్షలెప్పుడు, కొశ్చన్ పేపరూ?" అని వేళాకోళం చేసి పోయేవాడు. ఇవాళ లోపలికొచ్చి పనిముట్ల సంచీ కిందపెట్టి, తనే తలుపేశాడు.

"చిట్టీ, పోయిన నెల మా సూపర్వైజరు ఆపరేషనుకి రక్తమిచ్చాను కదా. బ్లడ్ బ్యాంకువాళ్ళు పిలిపించారు. నాకు హెచ్ఐవీ ఉందట."

రోజుకి వందసార్లు తను పలికే మాటే అది. ఇవాళ మొదటిసారి విన్నట్టు అనిపించింది.

"నువ్వు వెళ్ళే ఆ పళ్ళ డాక్టరు సూదులు సరిగ్గా మార్చడు. నేనప్పుడే అన్నాను..."

"సూది కాదు."

"అయితే షెడ్డులో ఏ ఇనపముక్కో గీరుకుని..."

"ఇనపముక్క గీరుకుంటే రాదని మాకు క్యాంపులో చెప్పింది మీవాళ్ళే కదే," అన్నాడు అన్నయ్య. తర్వాత కిటికీవైపు తిరిగి చెప్పాడు. "ఒకతనున్నాడు. ఏడాదిన్నరగా. అంతకుముందు వేరేవాళ్ళు. పెళ్ళికి ముందునుంచీ నేనింతే."

చిన్నప్పుడు ఒకే మంచంమీద పడుకుని ఒకరి కలలు ఒకరికి చెప్పుకున్న మనిషి. నోట్లోంచి మాట దానంతటదే ఊడిపడింది.

"నీకు పెళ్ళయింది కదన్నయ్యా!"

అన్నయ్య ఇటు తిరిగి అదోలా నవ్వాడు.

"మీ ఫారం కూడా అదే అంది."

"ఏ ఫారం?"

"మా షెడ్డుకి మీ క్యాంపు వచ్చింది చూడు, అప్పుడు. నువ్వు లేవులే, ఎవరో అమ్మాయి వచ్చింది. ఆ ప్రశ్నలు రాసింది నువ్వని నాకు తెలుసు. మా చిట్టి రాసిందంటే అడగాల్సింది అడిగి తీరుతుంది, అడిగితే చెప్పేద్దామని గట్టిగా అనుకునే కూర్చున్నాను. నా అంతట నేను నోరు తెరవలేను. ఎవరైనా అడిగితే చెప్తాను. ఆ అమ్మాయి పెళ్ళయిందా అంది. అయిందన్నాను. టకటకా రెండు కాగితాలు తిప్పేసి, సిగరెట్లు కాలుస్తారా అని అడిగింది."

"ఆ రోజు రక్తపరీక్ష?" అడిగింది ఆమె.

"అప్పుడేమీ లేదన్నారు. ఇదిగో చీటీ." పర్సులోంచి మడతలు పడిన చీటీ తీసి బల్లమీద పెట్టాడు. దానిమీద ఫారం నంబరు, రెండువందల పన్నెండు.

అప్పుడు లేదు. ఇప్పుడుంది. మధ్యలో పదకొండు నెలలున్నాయి, రోజుకో మాత్ర ఉంది, తను గీసిన బాణముంది. ఆమె ఆ చీటీని చూస్తూ ఉండిపోయింది. అన్నయ్య కాసేపు నిలబడ్డాడు.

"అంతేనా? ఇంకేం అడగవా?" అన్నాడు.

ప్రశ్నల మనిషికి ఒక్క ప్రశ్న తోచలేదు.

అతను సంచీ భుజాన వేసుకున్నాడు. "మందులు మొదలుపెట్టారు. రోజూ వాడితే నిక్షేపంగా ఉండొచ్చన్నారు. మీ వదినకి జబ్బు సంగతి చెప్పాను, టెస్టు చేయించాను. తనకి లేదు, మళ్ళీ ఒకసారి చూస్తారట. మిగతాది తనకి నేనే చెప్పుకోవాలి. అందాకా నా పేరు ఎక్కడా రానివ్వకు. లిఫ్టు ఆపేశాను, పైన మోటారు గదిలో ఉంటాను."

అతను వెళ్ళాక ఆమె ఫారాల బీరువా తెరిచింది. రెండువందల పన్నెండు చేతికి తగిలింది. రెండో పేజీమీదా మూడో పేజీమీదా మూలనుంచి మూలకి ఒక గీత కొట్టేసి ఉంది. ఖాళీ పేజీలని అలా కొట్టేయమని క్యాంపులకెళ్ళే అమ్మాయిలకి నేర్పింది తనే. చివరి పేజీలో, ప్రశ్నలడిగి ఫారం నింపే అమ్మాయిలు తమకి తోచింది రాసుకునే 'గమనికలు' గడి ఉంది. దాన్ని కంప్యూటరులోకి ఎక్కించనే లేదు. టైము దండగని వద్దన్నది కూడా ఈ మహాతల్లే. ఆ గడిలో గుండ్రటి అక్షరాలతో ఒక్క ముక్క ఉంది.

'అంతేనా, ఇంకేం అడగరా అని రెండుసార్లు అడిగారు.'

ఆమె పక్క ఫారం తీసింది, పెళ్ళయినవాళ్ళది. గడి ఖాళీ. ఇంకోటి. ఖాళీ. ఆ తర్వాతది వేరే అమ్మాయి చేతిరాత: 'అయిపోయిందన్నా లేవలేదు.' ఇంకో నాలుగు దాటాక: 'ఆ మధ్య పేజీల్లో ఏముందని అడిగారు.' అన్నం మాట మరిచిపోయి, నేలమీద చతికిలబడి, ఆరువందల నలభై ఫారాలూ తిరగేసింది. బూడిద తుడవడానికెళ్ళి నిప్పుమీద చెయ్యి పెట్టినట్టయింది. డెబ్భై ఒక్కమంది. డెబ్భై ఒక్కమంది మగవాళ్ళు కుర్చీలోంచి లేవకుండా, ఎవరైనా ఇంకొక్క మాట అడుగుతారేమోనని చూశారు.

నాలుగింటికి ఆ కట్ట రెండు చేతులా మోసుకుంటూ డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళింది. మైకక్క అప్పటికే వచ్చి కూర్చుంది. డైరెక్టరుగారు కలం మూత తీసి ఉన్నారు.

"సంతకం పెట్టకండి సార్. అది సున్నా కాదు. మనం అడగలేదు."

ఆయన నాలుగైదు గమనికలు చదివారు. కలం మూత పెట్టేశారు.

"ఏడాది పని. ఇప్పుడాపితే ఎవరి పొరపాటని రాయమంటావు?"

"నాదని రాయండి. ఆ బాణం గీసింది నేను."

ఈ బాణాన్నే తెరమీద చూపించిన సంగతి ఆయనకి గుర్తొచ్చినట్టుంది, రిపోర్టుని పక్కకి తోసేశారు. మైకక్క ఒక ఫారం ఒళ్ళో పెట్టుకుని, ఎవరూ ఎప్పుడూ వినని చిన్న గొంతుతో అడిగింది.

"మొత్తం ఎంతమంది అయుంటారమ్మా?"

"తెలీదక్కా. మీరు చెప్పినరోజే వినుంటే తెలిసేది," అంది కొశ్చన్ పేపర్. ఆ మాటతో ఇందాకట్నుంచీ పట్టి ఉంచిన ఏడుపు కట్టలు తెంచుకుంది.

రిపోర్టు ఆగింది. ఆ గదిలో అన్నయ్య పేరు రాలేదు, రావాల్సిన అవసరమూ పడలేదు. మొహం కడుక్కుని ఆమె బయటికొచ్చేసరికి లిఫ్టు ఇంకా నడవడం లేదు. అయిదు అంతస్తులు మెట్లెక్కి మోటారు గదికి చేరేటప్పటికి ఆయాసం ముంచుకొచ్చింది. అన్నయ్య గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ తలెత్తి చూశాడు.

"ఏంటే, ఇలా వచ్చావు?"

ఆమె చేతిలో ఫారం లేదు. బోర్లించిన డబ్బా ఒకటి లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"అతని పేరేంటన్నయ్యా? నిన్ను బాగా చూసుకుంటాడా?" అని అడిగింది.

అన్నయ్య గుడ్డ పక్కన పెట్టి, చెప్పడం మొదలుపెట్టాడు.