నూనె తక్కువైన మిషను

చక్రం మళ్ళీ వెనక్కి తిరిగింది. దారం పుటుక్కున తెగి సూది కింద ఉండ కట్టింది. టైలరు విసుక్కుంటూ ఆ ఉండను కత్తిరించి పారేసి, సూదిలోకి కొత్త దారం ఎక్కించాడు. పెళ్ళినాటి నుంచి తొక్కుతున్న మిషను ఇన్నాళ్ళకు మొండికేసింది.

“మిషను ముసలిదైపోయిందే. కాస్త నూనె వెయ్యి.”

“మిషనా, మీరా?” అంటూనే భార్య నూనె డబ్బాతో వచ్చి, చక్రం దగ్గర, పెడలు కింద చుక్కచుక్కగా వేసింది. పొద్దుట్నుంచీ ఆమెకు ఇదే పని.

ఊరంతా తలుపులు బిగించుకున్నాక బట్టలు కుట్టించుకునేవాళ్ళే లేరు. మందుల షాపతను ఇచ్చిన మాస్కుల పని ఒక్కటే మిగిలింది. కానీ టైలరుకు కుడికాలు మాట వినడం లేదు. పిక్క పట్టేస్తోంది, పాదం మంచుముద్దలా ఉంది. కాలి రక్తనాళం మూసుకుపోయింది, తెరవాలి అని పెద్దాసుపత్రి డాక్టరు తేదీ కూడా ఇచ్చాడు. ఈ మహమ్మారి వచ్చి ఆ తేదీని మింగేసింది.

ఇంకొకరైతే కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవారు. అతనికి ఆ భాగ్యమూ లేదు. లేవబోతాడు, కూలబడతాడు, ఫోను వంక చూస్తాడు.

మధ్యాహ్నానికి ఆసుపత్రి ఫోను కలిసింది.

“అర్జెంటు కేసులే చూస్తున్నామండీ. కాలికి పుండేమైనా పడిందా?” అని అడిగింది నర్సు.

బొటనవేలు నీలంగా ఉంది. పుండు మాత్రం లేదు.

“పుండు లేదమ్మా. మిషను తొక్కుతుంటే పట్టేస్తోంది, అంతే.”

“అయితే వచ్చే నెల ఫోన్ చెయ్యండి.”

హమ్మయ్య అనుకున్నాడు. ఆసుపత్రికి వెళ్తే ఆ మహమ్మారి జబ్బు తెచ్చి ఇంటావిడకు అంటిస్తానేమోనని అతని భయం. మరుక్షణమే, పుండుందని అబద్ధమాడినా బాగుండేదేమో అనిపించింది.

సాయంత్రం నొప్పి తొడదాకా ఎగబాకితే గావుకేక పెట్టాడు. పాదం తెల్లగా పాలిపోయింది, గిల్లినా తెలియడం లేదు. భార్య ఫోన్ చేస్తే, తలనుంచి కాళ్ళదాకా ప్లాస్టిక్ తొడుక్కున్న ఆసుపత్రివాళ్ళిద్దరు వచ్చి అతన్ని స్ట్రెచర్ మీదికెత్తారు. వెంట ఎవరూ రాకూడదన్నారు.

“మాస్కొకటి సగంలో ఉంది, పూర్తిచేసి ఇచ్చెయ్యి,” అన్నాడు భార్యతో. “నూనె మరీ పొయ్యకు. గుడ్డకు మరకలవుతాయి.”

మహమ్మారి జబ్బు పరీక్ష రిపోర్టు చూడందే ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళరట. తెల్లవారాక రిపోర్టు వచ్చింది, జబ్బు లేదని. అప్పటికి మనిషే లేడు. ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేసి ఆ రెండు మాటలూ చెప్పారు.

ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాక, ఆయన అప్పజెప్పిన పని గుర్తొచ్చి ఆమె మిషను ముందు కూర్చుంది. పెడలు నొక్కింది. చక్రం చప్పుడైనా లేకుండా ముందుకు తిరిగింది, ఎక్కడా మొరాయించలేదు. మిషనుకు ఏ రోగమూ లేదు. తను పొద్దస్తమానం దానికే వైద్యం చేసింది.

పక్కనే నూనె డబ్బా ఉంది, దాని మూతి దగ్గర ఒక చుక్క జారకుండా నిలబడి ఉంది.